4172 సిలిండర్ కోసం

అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో, మా ఇంటి పడకగది అల్మరాలో ఒక ఉక్కు పెట్టె ఉంది. అందులో ఏడు రివాల్వర్లున్నాయి. ఏడూ అమెరికా పశ్చిమ సరిహద్దుల్లో గుర్రపు దళం సిపాయిలు నడుముకి కట్టుకుని తిరిగిన కాలం నాటివి. ఇప్పటి తుపాకుల్లా తూటాలు పెట్టేవి కావు. సిలిండర్‌లోని ఆరు గదుల్లో ఒక్కొక్కదాంట్లో మందు పోసి, సీసపు గుండు దట్టించి, వెనక చిన్న రాగి టోపీ తొడిగితే గాని పేలవు. నేను ఒక్కదాన్ని కూడా పేల్చలేదు. పేల్చాలన్న కోరికా లేదు. నాకు కావలసింది వాటి అడుగున కొట్టి ఉండే అంకెలు.

రోడ్లకీ వంతెనలకీ వాడే కాంక్రీటుని పరీక్షించే లాబ్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. దిమ్మ పగిలేదాకా మిషను కింద నొక్కడం, ఎంత బరువుకి పగిలిందో పుస్తకంలో రాయడం, ఇదే పని. అక్కడ రెండు నియమాలుండేవి. రాసిన అంకె తప్పయితే చెరపకూడదు. కిందిది కనిపించేలా ఒక్క గీత కొట్టి, సరైనది పైన రాసి, సంతకం పెట్టి తేదీ వెయ్యాలి. రెండోది, మీటరు చూసి చదివేవాళ్ళు ఒకరు, రాసేవాళ్ళు ఒకరు ఉండాలి. ఇద్దరూ సంతకం చెయ్యాలి. ఈ అలవాట్లు నా డైరీల్లోకి వచ్చాయి, తర్వాత రివాల్వర్లలోకీ వచ్చాయి. ఒక్కొక్కదానికి ఒక అట్ట కార్డు. ఏ భాగం మీద ఏ నంబరుంది, ఏ భాగం ఏ స్థితిలో ఉంది అన్నీ రాసి, అడుగున ‘రాసినది’ అన్నచోట నేను సంతకం పెట్టేవాణ్ణి. ‘చదివినది’ అన్నచోట మా ఆవిడ తెలుగులో పెట్టేది.

నా చూపు మందగించాక భూతద్దం తన చేతికి వెళ్ళింది. అప్పటినుంచి చదవడం తన పని.

ఇక్కడ గన్ షోలు సంత మైదానాల్లోని పెద్ద పెద్ద రేకుల షెడ్లలో జరుగుతాయి. గుమ్మం దగ్గర పోలీసాయన మన చేతిలో ఉన్నది ఖాళీగా ఉందో లేదో చూసి, పేలకుండా ఒక ప్లాస్టిక్ పట్టీ బిగిస్తాడు. లోపల వందల బల్లలు, పెద్ద అంచుల టోపీలు, గడ్డాలు, కాఫీ వాసన. ఆ జనంలో చీర మీద స్వెటరు వేసుకుని, భుజానికి పులిహోర డబ్బా ఉన్న సంచీ తగిలించుకుని, భూతద్దంతో నా పక్కన నడిచేది మా ఆవిడ. “నాన్నా, గన్ షోకి పులిహోర పట్టుకెళ్ళేది హోల్ వరల్డ్‌లో మీ ఇద్దరే” అని మా అమ్మాయి ఫోన్‌లో నవ్వేది.

ఈ రకం రివాల్వర్ల సిలిండర్ చుట్టూ సన్నటి గీతలతో ఒక సముద్ర యుద్ధం చెక్కి ఉంటుంది. మొదటిసారి అద్దంలోంచి దాన్ని చూసి మా ఆవిడ అడిగింది.

“గుర్రాలెక్కేవాళ్ళ తుపాకీ మీద ఓడలెందుకండీ?”

“చేసినవాళ్ళు అలా చెక్కారు.”

“పాపం, వాళ్ళు తిరిగిన చోట నీళ్ళే ఉండి ఉండవు. చూసుకుని సంబరపడ్డానికేమో.”

నేను కొన్న నాలుగో రివాల్వర్ గురించే ఇదంతా రాస్తున్నాను. దాని గొట్టం మీద, చట్రం మీద, ట్రిగ్గరు చుట్టూ వంపు తిరిగి ఉండే ఇత్తడి ముక్క మీద, పిడి అడుగున ఒకే నంబరు ఉంది. చివరి నాలుగంకెలు 4172. సిలిండర్ మీద మాత్రం 4618. ఎందుకిలా అని నాకు అమ్మిన ముసలి వ్యాపారినే అడిగాను. తుపాకీ మందు పేల్చాక వెంటనే వేడి సబ్బునీళ్ళలో కడక్కపోతే దాని మసి ఇనుముని తినేస్తుందట. బారకాసుల్లో సిపాయిలంతా విప్పిన భాగాల్ని ఒకే తొట్టిలో పడేసి కడిగి, తీసేటప్పుడు చేతికందింది బిగించుకునేవారట. ఆయన చెప్పింది మా ఆవిడకి తెలుగులో చెప్పాను.

“ఓసింతేనా, పెళ్ళిలో చెప్పులు మారిపోయినట్టు” అంది. “అయితే మన చెప్పులు తొడుక్కుపోయినవాడు ఎక్కడో ఉండాలిగా. వెతుకుదాం పట్టండి.”

అలా మొదలైంది. ఏ షోకి వెళ్ళినా ఈ రకం రివాల్వర్ కనిపించిన ప్రతి బల్ల దగ్గరా ఆగేవాళ్ళం. తను తెలుగులోనే చదివేది. “నాలుగు… తొమ్మిది… ఇది మూడా, ఎనిమిదా, ఉండండి, ఈ లైటొకటి… ఎనిమిది.” నేను డైరీలో రాసుకునేవాణ్ణి. టోపీలవాళ్ళు మాటలాపి వినేవారు. నాకు అమ్మిన ఆ వ్యాపారి అయితే మేం దూరంనుంచి కనిపించగానే చెయ్యెత్తి “నా-లూ-గూ!” అని అరిచేవాడు. ఆయనకొచ్చిన తెలుగు అదొక్కటే. ఎనిమిదేళ్ళ డైరీల్లో అలాంటి అంకెల పేజీలు ఎన్నో ఉన్నాయి. ఎక్కడా 4172 లేదు.

ఆ మధ్యలో ఒక దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజకి కారు తాళాలు, ఒకప్పుడు లెక్కలకి వాడిన నా పాత స్లైడ్ రూల్, స్క్రూడ్రైవర్లు, అమ్మాయి వదిలేసి వెళ్ళిన లాప్‌టాప్ పెట్టడం వాడుక. ఆ యేడు మా ఆవిడ అంది: “ఇంట్లో నిఖార్సయిన ఆయుధం ఉంచుకుని స్క్రూడ్రైవర్‌కి బొట్టు పెడుతున్నామేమిటండీ? మన చెప్పులు పోయినదాన్ని పెడదాం. అమ్మవారైనా వెతికి పెడుతుంది.” నాకూ నచ్చింది. బయటికి తీసి ఇచ్చాను. కారు చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలూ, దిష్టికి బూడిద గుమ్మడికాయా తేవడానికి ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి పీట మీద పసుపు గుడ్డ, దాని మీద రివాల్వర్. ఇత్తడి బంగారంలా మెరుస్తోంది. ఇనుము మీది గోధుమ రంగు పోయి కొత్త పళ్ళెంలా బూడిద రంగు తేలింది. మూడుచోట్ల గంధం, కుంకుమ. సింకులో చింతపండు పిప్పి, ఉప్పు.

పాత ఆయుధాలు దాచేవాళ్ళకి ఆ గోధుమ రంగే ప్రాణం. దాన్ని తోమకూడదు, రుద్దకూడదు, వట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఇదంతా నేను ఇంగ్లీషులో టైపు చేసి పెట్టె మూతకి లోపల అంటించాను. ఆవిడకి నోటితో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

“ఆ రంగు రావడానికి నూట యాభై ఏళ్ళు పట్టింది. నువ్వు అరగంటలో పోగొట్టావు” అన్నాను.

“మురికిని రంగంటారేమిటండీ? అమ్మవారి ముందు మురికి సామాను పెడతామా?”

“నీకేం తెలుసని దీన్ని ముట్టుకున్నావు?”

తను కర్పూరం వెలిగించింది. హారతిచ్చింది. నేను కళ్ళకద్దుకుని లేచిపోయాను. ఆ రోజు డైరీలో ఉన్నవి రెండే మాటలు: రివాల్వర్ పాడయింది.

తర్వాతి షోకి ఆ రివాల్వర్ కూడా తీసుకెళ్ళాను, జోడీ దొరికితే అక్కడికక్కడ పోల్చి చూద్దామని. ‘నాలుగు’ వ్యాపారి చేతిలోకి తీసుకుని ఈల వేశాడు. “దేవుడా! ఎవడు చేశాడయ్యా ఈ పని?” నేను ఇంగ్లీషులో జవాబిచ్చాను: “నాకు ముందున్న ఓనరు. తెలివితక్కువవాడెవడో.” దాన్ని నాకు అమ్మింది ఆ వ్యాపారే. ఆ సంగతి ఆయనకి గుర్తు లేదు, నాకుంది. మా ఆవిడ నా పక్కనే అద్దం పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడకి ఇంగ్లీషు ఆ మాత్రం వచ్చు.

తిరుగు దారిలో హైవే ఎక్కాక, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

“ఆ ముందున్న ఓనరు ఎవరండీ?”

నేను సిగ్నల్ వేసి లేన్ మారాను. ఇంటికెళ్ళాక కార్డు మీద కూడా అదే రాశాను: ‘ఇత్తడి, సిలిండర్: గత యజమాని తోమించాడు.’ ‘చదివినది’ అన్నచోట సంతకం పెట్టమని కార్డు ఇచ్చాను. తను చదివి, పెట్టింది. ఆ రోజు డైరీ ఇప్పుడు తీసి చూస్తే చూసిన నంబర్లున్నాయి, వాన పడిందని ఉంది, పెట్రోలు కొట్టించిన ఊరు పేరుంది. కారులో తను అడిగిన ప్రశ్న లేదు. నా డైరీల్లో లేని మాటల్లో నాకు పూర్తిగా గుర్తున్నది అదొక్కటే.

తర్వాత ఎవరడిగినా అదే జవాబు. చెప్పగా చెప్పగా నోటికి అలవాటైపోయింది. తను షోలకి రావడం మానలేదు. అంకెలు చదవడమూ మానలేదు. ఆ తర్వాత ఏ దసరాకీ రివాల్వర్ అడగలేదు. స్క్రూడ్రైవర్లకే బొట్టు పెట్టింది.

జబ్బు చేశాక నన్ను ఒక్కణ్ణే పంపేది. నేను వెళ్ళనంటే ఊరుకునేది కాదు. వచ్చేసరికి కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉండేది. “చెప్పులు దొరికాయా?” అని అడిగేది. లేదంటే, “ఎంతమందిని చూశారు?” అనేది. నేను డైరీ తీసి ఆ రోజు రాసుకున్నవన్నీ చదివేవాణ్ణి. అప్పుడు చదవడం నా పని అయింది. తను కళ్ళు మూసుకుని వినేది. తప్పు చదివితే పట్టుకునేది కూడా. “అది పోయినేడాది చూసిందేనండీ. పిడి విరిగి ఉందే, అది.”

తను పోయాక రెండేళ్ళు ఏ షోకీ వెళ్ళలేదు. పెట్టె తెరవలేదు. మూడో ఏడు వసంతంలో, కారణమేమీ లేకుండానే, ఒక శనివారం పొద్దున్న పెరుగన్నం డబ్బా పెట్టుకుని బయల్దేరాను. పులిహోర కలపడం నాకు రాదు.

చివరి వరసలో ఎనభైకి దగ్గరగా ఉన్న ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. బల్ల మీద ఒక మగవాడి టోపీ, గుర్రపు జీను ముక్కలు, నాలుగు రివాల్వర్లు. చేత్తో రాసిన అట్ట ఒకటి: ‘మా ఆయన దాచుకున్నవి. అమ్మడానికి తొందర లేదు.’ వాటిలో ఒకటి ఈ రకం. అడిగి తీసుకున్నాను. గొట్టం మీద చివరి నాలుగంకెలు 4618. చట్రం మీదా అంతే. సిలిండర్‌ని వెలుతురుకి తిప్పి అద్దం పెట్టాను. ఒక ఓడ తెరచాప ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. దాని కిందుగా నంబరు.

“నాలుగు. ఒకటి. ఏడు. రెండు.”

పైకే చదివాను. చదివి ఎడంపక్కకి తిరిగాను. అక్కడ ఎవరో బెల్టుల బేరం చేస్తున్నారు.

ఆవిడ ఒక కుర్చీ ముందుకి తోసింది. “కూర్చోండి, హనీ. మంచినీళ్ళు కావాలా?”

సిలిండర్ ఒక్కటే అడిగాను. తల అడ్డంగా ఊపింది. విడగొట్టి అమ్మనంది. అమ్మొద్దు, మార్చుకుందాం, మీదానిది నా దగ్గరుంది అని డైరీ తెరిచి చూపించాను. ఆవిడకి అక్షరాలు అర్థం కాలేదు గాని అంకెలు అర్థమయ్యాయి. చాలాసేపు పేజీలు తిప్పింది.

“ఇన్నేళ్ళా?”

“పదకొండు, మేడమ్.”

“మీది మా ఇంటికి తీసుకురండి. చూడకుండా మాటివ్వను. మా ఆయన సామాను ఎప్పుడూ తోమిన సరుకుతో కలపలేదు. ఎవడైనా రుద్ది పాడుచేసినదైతే మాత్రం నాకొద్దు. ముందే చెప్తున్నా.”

ఆ వారమంతా ఒకటే ఆలోచన. ఇత్తడి మళ్ళీ కొంచెం మసకబారింది. ఇనుము మీదా అక్కడక్కడ రంగు తిరిగింది. కానీ తెలిసినవాళ్ళ కన్ను కప్పలేం. అలవాటైన జవాబు ఎలాగూ ఉంది: ముందున్న ఓనరు చేశాడు, నాకు దొరికేసరికే ఇలా ఉంది. అలా అంటే ఆవిడ జాలిపడి ఇచ్చినా ఇస్తుంది. మా ఇంట్లోనే తోమాం అంటే, సామాను విలువ తెలియనివాడి చేతికి వాళ్ళాయన వస్తువు ఎందుకిస్తుంది? గంటన్నర డ్రైవ్. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని దారి పొడుగునా సరిచూసుకుంటూనే ఉన్నాను.

వంటింటి బల్ల మీద ఆవిడ మెత్తటి గుడ్డ పరిచింది. చేతులు కడుక్కుని తుడుచుకుని, నూలు తొడుగులు వేసుకుంది. నా రివాల్వర్‌ని మెల్లగా తిప్పి తిప్పి చూసింది. కళ్ళజోడు పైకి తోసి భూతద్దం తీసింది. ఇత్తడి ముక్కని బిగించిన స్క్రూ దగ్గర ఆగింది.

“ఇక్కడ ఎర్ర తుప్పు పట్టింది. స్క్రూ గాడిలో. చూశారా? దీన్నిలా వదిలేయకూడదు.”

వంగి చూశాను. గాడి మూలన, సూది మొనంత ఎరుపు. తుప్పు కాదు. దసరా నాటి కుంకుమ. మర్నాడే నేను గుడ్డ పెట్టి తుడిచేశాననుకున్నాను. ఈ ఒక్క రవ్వ నూనెలో తడిసి గాడిలో ఉండిపోయినట్టుంది.

“ముందున్న…” అన్నాను. నోరు దానంతటదే మొదలెట్టింది.

ఆవిడ తలెత్తి చూసింది. వంటింటి కిటికీ లోంచి ఎండ సరిగ్గా ఇత్తడి మీద పడుతోంది.

“తుప్పు కాదు, మేడమ్. అది కుంకుమ. మా ఆవిడ పెట్టింది. మాకు ఏడాదికొకసారి ఆయుధాలకి పూజ ఉంటుంది. పూజకని తనే తోమింది దీన్ని. నేను చెప్పకపోవడం వల్ల. తోమకూడదని తనకి తెలీదు.”

“దేంతో తోమింది?”

“చింతపండుతో. పుల్లటి పండు. మా ఇళ్ళల్లో ఇత్తడి సామాను దాంతోనే తోముతారు.”

“మెరిసిందా?”

“బంగారంలా మెరిసింది.”

ఆవిడ రివాల్వర్ని గుడ్డ మీద పెట్టింది. తొడుగులు విప్పుతోంటే, అయిపోయింది, లేవమంటుంది అనుకున్నాను.

“మా ఆయనకి ఒక తోలు ఒర ఉండేది” అంది. “అసలు సిసలు గుర్రపు దళం ఒర. మురికిగా ఉందని నేను వాషింగ్ మెషిన్‌లో వేశాను. బొమ్మకి సరిపోయేంత అయి బయటికొచ్చింది. అడిగినవాళ్ళందరికీ ఏం చెప్పేవాడో తెలుసా? కంచరగాడిద నమిలేసింది అనేవాడు. నా ముందే. నలభై ఏళ్ళ పాటు ఆ గాడిదని నేనే.”

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాను.

“నవ్వండి, పర్లేదు. నేనూ నవ్వేదాన్ని” అంది. విప్పిన తొడుగులు మడత పెడుతూ, “ఒక్కసారి, ఒక్కడితోనైనా, ఇదిగో ఈవిడ చేసింది అని చెప్తాడేమోనని చూశాను” అంది.

నేను నవ్వడం మానేశాను. మా కారులో, కిటికీ వైపు తిరిగి ఉన్న ముఖం నేనా రోజు చూడలేదు. రోడ్డు చూస్తున్నాను.

“మీ ఆవిడ ఉందా?”

“మూడేళ్ళయింది.”

ఆవిడ తలాడించి, లేచి సొరుగులోంచి చిన్న ఇత్తడి సుత్తి తెచ్చింది. గొట్టాన్ని పట్టి ఉంచే చీలని తట్టి తీసింది. ముందు తనది, తర్వాత నాది. సిలిండర్లు రెండూ గుడ్డ మీద పక్కపక్కన దొర్లాయి. ఒకటి చింతపండుతో తేలిన బూడిద రంగు, ఒకటి గోధుమ రంగు. నాదాన్ని నా వైపు తోసింది. చట్రంలో పెట్టి తిప్పాను. ఆరు గదులూ ఒకదాని తర్వాత ఒకటి టక్కు, టక్కుమని వచ్చి ఆగాయి.

తోమిన సిలిండర్‌ని ఆవిడ తన రివాల్వర్‌లో బిగించింది. వాళ్ళాయనకీ కార్డుల అలవాటు ఉంది. పెట్టెలోంచి ఒక కార్డు తీసి, పెన్ను పట్టుకుని అడిగింది: “ఆ పండు పేరు మళ్ళీ చెప్పండి.” రెండుసార్లు చెప్పాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసుకుంది. కింద, ‘భారతదేశపు స్త్రీ, పూజ కోసం’ అని రాసి చూపించింది.

ఇంటికొచ్చి పెట్టె తెరిచి నా కార్డు తీశాను. ముందు సిలిండర్ నంబరు. 4618 మీద ఒక్క గీత కొట్టి పైన 4172 రాశాను. తర్వాత ఆ కింది వరస. ‘గత యజమాని తోమించాడు’ అన్నదాని మీద ఒక్క గీత. కిందిది కనిపిస్తూనే ఉంది, కనిపించాలి. పైన రాశాను: ‘ఇత్తడి: నా భార్య దసరా పూజకి చింతపండుతో తోమింది. స్క్రూ గాడిలో కుంకుమ ఉంది, తియ్యకూడదు.’ సంతకం పెట్టి తేదీ వేశాను.

దిద్దుబాటుకి కూడా రెండు సంతకాలుండాలి. రివాల్వర్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అద్దం పెట్టి, వాడుక ప్రకారం పైకి చదివాను, గొట్టం మొదలుకుని పిడిదాకా, మెల్లగా. అయిదు చోట్లా అదే నంబరు. చదివాక, అలవాటు కొద్దీ, రాసుకోవడానికి టైమిచ్చినట్టు కాసేపు ఆగాను.

‘చదివినది’ అన్నచోటు ఖాళీగానే ఉంచాను. పెన్ను మూత మాత్రం ఇంకా పెట్టలేదు.